పిల్లల మానసిక పరీక్ష: అనువాదమా, సొంతంగా రాసుకోవడమా, ఏది మేలు?

ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే సైకాలజీ పీజీ పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "మేడమ్, ఉన్న స్కేల్‌ని తెలుగులోకి మార్చుకుంటే చాలా, లేక మేమే కొత్తది తయారు చేయాలా?" నేను తిరిగి అడిగేది కూడా ఒకటే: వచ్చిన మార్కుతో ఆ పిల్లవాడి గురించి ఏం తేల్చబోతున్నారు? ఎక్కువమంది దగ్గర దీనికి జవాబు ఉండదు.

ముందు అనువాదం సంగతి. దీనికి మంచి ఉదాహరణ ఎస్‌డీక్యూ. బ్రిటన్‌కు చెందిన పిల్లల మానసిక వైద్యుడు రాబర్ట్ గుడ్‌మన్ 1997లో వెలువరించిన ప్రశ్నావళి ఇది. మొత్తం 25 వాక్యాలు. ఒక్కోదానికి 'నిజం కాదు', 'కొంతవరకు నిజం', 'పూర్తిగా నిజం' అనే మూడు జవాబులు. దిగులు, ప్రవర్తన, నిలకడలేనితనం, తోటిపిల్లలతో ఇబ్బందులు కలిపి 20 వాక్యాలకు 0 నుంచి 40 వరకు మార్కు వస్తుంది. మిగిలిన అయిదూ మంచితనం గురించినవి, వాటి లెక్క వేరు. తల్లిదండ్రులకు, టీచర్లకు విడివిడి ఫారాలు ఉన్నాయి. పదకొండేళ్లు నిండిన పిల్లలైతే తామే నింపొచ్చు. అయిదు నిమిషాల పని. ఇలాంటిది చేతిలో ఉండగా కొత్తది రాయడం ఎందుకు?

అయితే దీన్ని మనకు తోచినట్టు అనువదించుకోవడానికి లేదు. అనుమతి ఉన్న అనువాదాన్నే వాడాలి, అందులో మాటలు మార్చకూడదు. ఈ షరతు చాదస్తంలా అనిపిస్తుంది గానీ ఒక్క వాక్యం తెలుగు చేసి చూడండి, తెలిసివస్తుంది. ఇంగ్లీషులో 'నా బిడ్డ' అంటే ఆడైనా మగైనా వాక్యం మారదు. మనకు 'వింటాడు', 'వింటుంది' అని రెండు రూపాలు కావాలి. అసలులో ఒకే వాక్యంలో దిగులు, నీరసపడిన మనసు, ఏడుపు మూడూ ఉంటాయి. దిగులుగా ఉన్నా ఏడవని పన్నెండేళ్ల కుర్రాడు ఏ గడిలో టిక్కు పెట్టాలి? హాస్టల్లో చేరిన పిల్లకు ఉండేది దిగులు కూడా కాదు, ఇంటిమీద బెంగ.

చాలామంది అనువాదాన్ని మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పించి, అసలుతో పోల్చి, సరిపోయిందని థీసిస్‌లో రాసేస్తారు. నాకు ఆ పద్ధతిమీద పెద్ద నమ్మకం లేదు. పదానికి పదం పెట్టిన అనువాదమే వెనక్కి చక్కగా వెళ్తుంది, పిల్లవాడికి మాత్రం ముక్క అర్థం కాదు. అదే పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టి "దీన్ని నీ మాటల్లో చెప్పు" అని అడిగితే ఒక్క మధ్యాహ్నంలో తప్పులన్నీ బయటపడతాయి.

ఇంకో లెక్క కూడా చూడాలి. వెయ్యిమంది పిల్లల్లో 50 మందికి నిజంగా ఇబ్బంది ఉందనుకుందాం. పరీక్ష వాళ్లలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది, ఇబ్బంది లేనివాళ్లలో నూటికి 90 మందిని సరిగ్గా వదిలేస్తుంది అనుకుందాం. అప్పుడు 40 మంది దొరుకుతారు, ఏ ఇబ్బందీ లేని 95 మంది కూడా జాబితాలో చేరతారు. అంటే స్క్రీనింగ్ ఫారం 'ఒకసారి చూడండి' అని చెప్పగలదు. అంతకుమించి దాన్నిబట్టి పిల్లలకు జబ్బు పేర్లు తగిలిస్తే తల్లిదండ్రులకు అనవసరపు టెన్షన్.

ఐక్యూ పరీక్షల్లో మనవాళ్లు మధ్యదారి పట్టారు. విదేశీ పరీక్షలోని ప్రశ్నలు మార్చి, మన పిల్లలమీద నార్మ్స్ (ఏ వయసుకు ఎంత మార్కు మామూలో చెప్పే పట్టికలు) కట్టారు. బినె-కామత్ పరీక్ష అలా వచ్చిందే. వెక్స్‌లర్ పిల్లల పరీక్షను నాగపూర్‌లో మాలిన్ మలిచిన ఎంఐఎస్ఐసీ 1969 నాటిది. ఆ రోజుల్లో గొప్ప పని, కాదనను. కానీ నార్మ్స్ పాతబడేకొద్దీ ఈనాటి పిల్లల మార్కులు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఆ తేడా పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. పైగా రిలయబిలిటీ (మళ్లీ ఇస్తే అదే మార్కు వచ్చే నిలకడ) 0.90 ఉన్న మంచి పరీక్షలో కూడా వచ్చిన మార్కుకు అటూ ఇటూ 9 పాయింట్ల ఊగిసలాట ఉంటుంది. 72 వచ్చిన పిల్ల అసలు మార్కు 63 కావచ్చు, 81 కావచ్చు. 70 దగ్గర గీత గీసి సర్టిఫికెట్ ఇచ్చేచోట ఇది చిన్న విషయం కాదు. ఐక్యూ పరీక్షను ఇంట్లో కూర్చుని రాసుకోవడం కుదరదు గనుక ఇక్కడ మేలైన దారి ఒక్కటే: దొరికినవాటిలో కొత్త నార్మ్స్ ఉన్నది, శిక్షణ ఉన్న సైకాలజిస్టు చేతుల మీదుగా.

సొంతంగా తయారు చేయడం మనవల్ల కాదనుకోనక్కర్లేదు. ఆటిజానికి వాడే ఐఎస్ఏఏ మన సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థ తయారు చేసిందే. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 వరకు మార్కు, మొత్తం 70 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు లెక్క. విదేశాల నుంచి వచ్చిన కార్స్ అనే ఆటిజం పరీక్షలో 15 అంశాలే ఉంటాయి గానీ దాన్ని కొనాలి.

సొంతది తప్ప గత్యంతరం లేనిచోటు మాత్రం చదివే నేర్పును కొలిచే పరీక్ష. ఇంగ్లీషు డిస్లెక్సియా (చదవడంలో తడబడే ఇబ్బంది) పరీక్షలో రాతకూ పలుకుకూ పొంతనలేని 'ఐలాండ్' లాంటి మాటలు చదివిస్తారు. తెలుగులో రాసినట్టే పలుకుతాం కదా, ఆ ప్రశ్నకు చోటే లేదు. అలాగే 'కల'లోంచి 'క్' శబ్దం తీసేయమంటే జవాబు 'అల' రావాలి. మన చిన్నపిల్లలు మొత్తం అక్షరాన్నే తీసేసి 'ల' అంటారు. అది లోపం కాదు, గుణింతాలతో చదువు నేర్చుకున్న చెవి. తెలుగులో తడబడే పిల్ల చాలాసార్లు సరిగ్గానే చదువుతుంది, కానీ కూడబలుక్కుని నెమ్మదిగా చదువుతుంది. చిక్కంతా 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి ఒత్తుల దగ్గర, మ-య, ఘ-ఝ లాంటి పోలికల దగ్గర వస్తుంది. కాబట్టి తప్పులు లెక్కపెడితే చాలదు, గడియారం పట్టుకోవాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం డాలీ అనే డిస్లెక్సియా పరీక్షను మొదట హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీషులకు వేరువేరుగా తయారు చేసింది. కన్నడ లిపి మనకు దగ్గర చుట్టమే అయినా దాని మాటల జాబితా మనకు పనికిరాదు.

ఖర్చు మాటకొస్తే కొత్త పరీక్ష ఏనుగును మేపడమే. 40 అంశాలు మిగలాలంటే వందకు పైగా రాయాలి. అందరూ సరిగ్గా చెప్పేసేవీ, ఎవరూ చెప్పలేనివీ తీసేయాలి. మిగిలిన నలభైకే అంశానికి పదిమంది అనే మోటు లెక్క వేసుకున్నా 400 మంది పిల్లలు కావాలి. అదీ తరగతులవారీగా, ఊరూ పట్నం, సర్కారు బడీ ప్రైవేటు బడీ కలిపి. ఇంట్లో గోండీయో లంబాడీయో మాట్లాడే ఆదిలాబాద్ పిల్లకు విజయవాడ పిల్లల నార్మ్స్ పెడితే కొలిచేది చదువును కాదు, ఇంటి భాషను.

అందుకే ఏడాది ప్రాజెక్టు చేసేవాళ్లకు కొత్త స్కేల్ వద్దంటాను. అనుమతి ఉన్న అనువాదాన్ని తీసుకుని, అది మన పిల్లల దగ్గర నిలబడుతుందో లేదో చూడమంటాను: పదిహేను రోజుల తర్వాత మళ్లీ ఇస్తే దాదాపు అదే మార్కు వస్తోందా, అమ్మ నింపినదానికీ టీచర్ నింపినదానికీ ఎంత పొత్తు కుదురుతోంది, ఏ వాక్యం దగ్గర పిల్లలు పెన్ను ఆపి పక్కవాడి కాగితం వైపు చూస్తున్నారు.