సబికి గాలాల ప్యాకెట్లు కొనేవారికి హెచ్చరిక: ముడులు పరీక్షించనిదే నీటిలో వేయకండి

ఒడ్డు మీద నుంచి కవళ్ళు, కానాగంతలు వంటి గుంపు చేపలను పట్టడానికి సబికి గాలాలు, అంటే ఒకే దారానికి వరుసగా కట్టిన చిన్న గాలాలు, కొనబోతున్న వారు డబ్బు చెల్లించే ముందు ఈ అనుభవాన్ని ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. నేను ఆన్‌లైన్‌లో ఒక విక్రేత వద్ద పది ప్యాకెట్ల కట్ట తెప్పించాను. ఒక్కొక్క ప్యాకెట్‌లో ఒకే ప్రధాన దారానికి ఆరు కొమ్మ దారాలు, వాటి కొసలకు చేప తోలు, మెరిసే పోగులు కట్టిన చిన్న గాలాలు ఉన్నాయి. ప్రధాన దారం ఫ్లోరోకార్బన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసినదనీ, పది కిలోల బరువు ఆగుతుందనీ అట్ట మీద అచ్చు వేశారు.

మొదటి రోజు తెల్లవారుజామున రాతి గట్టు మీద నిలబడి గాలం వేశాను. సీసం గుండు దిగీ దిగకముందే గాలపు కర్ర కొస వణికింది. గుంపు చేపలు తగిలినప్పుడు వెంటనే చుట్టకుండా, మిగిలిన గాలాలకు కూడా తగిలేదాకా కొద్దిసేపు ఆగడం అలవాటు కనుక నేనూ ఆగాను. నాలుగు కానాగంతలు తగిలాయి. అన్నీ కలిపినా కిలో తూగవు. నీటిలో ఉన్నంతసేపూ వాటి బరువు తెలియదు, గట్టు మీదికి ఎత్తేటప్పుడే మొత్తం బరువు, దానితోపాటు నాలుగు చేపలు నాలుగు వైపులా కొట్టుకునే విసురు దారం మీద పడతాయి. సరిగ్గా అప్పుడే పై నుంచి రెండో గాలం దగ్గర దారం విడిపోయి, చేపలు, గుండు, మిగిలిన గాలాలు అన్నీ నీటి పాలయ్యాయి. పోయిన సామగ్రి కన్నా, నోట్లో గాలంతో, ఒకదానికొకటి కట్టుబడి పోయిన ఆ చేపల సంగతే నన్ను ఎక్కువగా బాధించింది.

చేతిలో మిగిలిన దారం కొసను వెలుతురులో చూస్తే అది తెగిన కొస కాదు, పంది తోకలా మెలికలు తిరిగి ఉంది. దారం మధ్యలో తెగితే కొస అలా ఉండదు. ముడి బిగియక జారిపోయినప్పుడే అలా చుట్టుకుపోతుంది. ఇంటికి వచ్చి మిగిలిన తొమ్మిది ప్యాకెట్లను విప్పి, ఒక్కొక్క కొమ్మ దారాన్నీ చేతితో లాగి చూస్తే, అయిదు ప్యాకెట్లలో కనీసం ఒక ముడైనా ఊడి వచ్చింది. అట్ట మీద రాసే బరువు సాధారణంగా ముడి లేని దారానికి సంబంధించినది. ముడి వేసిన చోట ఏ దారమైనా కొంత బలం కోల్పోతుంది. తడి చేయకుండా బిగించిన ముడి రాపిడి వేడికి మరింత దెబ్బతింటుంది. ఆరు ముడులున్న ఈ సరుకులో అన్నిటికన్నా బలహీనమైన ముడి ఎంత ఆగుతుందో అంతే దాని బలం.

ఒక గాలాన్ని రాత్రంతా ఉప్పు నీటిలో ఉంచితే పొద్దునకల్లా మెడ దగ్గర తుప్పు చుక్కలు కనిపించాయి. మొనను బొటనవేలి గోరు మీద ఆనిస్తే గుచ్చుకోకుండా జారిపోయింది. పదునైన గాలమైతే గోటికి పట్టుకోవాలి.

సైజు అంకెల్లోనూ మోసపోకండి. పాశ్చాత్య లెక్కలో 4వ నంబరు కన్నా 10వ నంబరు గాలం చిన్నది, జపాను లెక్కలో మాత్రం అంకె పెరిగిన కొద్దీ గాలం పెద్దదవుతుంది. ఏ లెక్కో రాయకుండా ఉత్త అంకె వేసే ప్యాకెట్‌ను కొనవద్దు. నాకు వచ్చిన గాలాలు కవళ్ళ చిన్న నోటికి పట్టనంత పెద్దవి.

ఫొటోలు పంపి ఫిర్యాదు చేస్తే, ప్యాకెట్లు తెరిచారు కనుక వాపసు కుదరదని విక్రేత సమాధానమిచ్చాడు. తెరవకుండా ముడిని పరీక్షించడం ఎలాగో చెప్పమని రాశాను, ఇంతవరకు జవాబు లేదు. కాబట్టి ఎంత చవకగా కనిపించినా మొదట ఒక్క ప్యాకెట్టే తెప్పించుకోండి. గుండు తగిలించే క్లిప్పును మేకుకు తగిలించి, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, ప్రధాన దారాన్ని నిదానంగా లాగి చూడండి. తరువాత గాలాలను పటకారుతో పట్టుకుని కొమ్మ దారాలను ఒక్కొక్కటిగా లాగండి. ముడి కదిలినట్టు కనిపిస్తే దానిని నీటిలో వేయకండి. నా దగ్గర మిగిలిన వాటిని ఎవరికీ ఇవ్వకుండా, దారాలు కత్తిరించి, గాలాలను మూత ఉన్న డబ్బాలో వేసి పక్కన పెట్టాను.