సిరొంచ నుంచి గుల్‌మార్గ్‌కు, సొంత స్కీల కోసం

ప్రాణహిత వంతెన దాటి, చెన్నూరు మీదుగా మంచిర్యాల చేరి, ఢిల్లీ రైలెక్కితేనే నా చలికాలం మొదలవుతుంది. మూడేళ్లుగా జనవరి చివరికల్లా సిరొంచలో ఎరువుల దుకాణాన్ని తమ్ముడికి అప్పగించి మంచు కొండలకు స్కీయింగ్‌కు, అంటే పాదాలకు పొడవాటి పలకలు బిగించుకుని మంచు మీద జారడానికి, వెళ్తున్నాను. మొదటి ఏడాది మనాలి దగ్గరి సోలంగ్‌లో నిలబడటం, ఆగడం నేర్చుకున్నాను. రెండో ఏడాది ఉత్తరాఖండ్‌లోని ఔలీలో మలుపులు కుదిరాయి. మూడోసారి కాశ్మీర్‌లోని గుల్‌మార్గ్ వెళ్లింది ముఖ్యంగా సొంత స్కీలు ఎంచుకోవడానికే.

సోలంగ్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చిన్న వాలు, పర్యాటకుల రద్దీ, మంచు బండ్ల చప్పుడు. తొలి నాలుగు రోజులకు అది చాలు. ఆ తర్వాత అక్కడే ఉండిపోవద్దు.

ఔలీ వేరు. రిషికేశ్ నుంచి జోషిమఠ్‌కు కొండదారిలో రోజంతా పడుతుంది. 2023 జనవరిలో జోషిమఠ్‌లో నేల కుంగినప్పుడు ఆగిన రోప్‌వే నేను వెళ్లేనాటికి తెరుచుకోలేదు, అందుకని పైకి జీపులోనే వెళ్లాం. కానీ చేరాక ఆ ప్రయాసంతా మరిచిపోతాం. సుమారు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల దాకా సాగే పొడవాటి వాలు, ఎదురుగా నందాదేవి. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వసతిలో దిగాను. గది చల్లగా ఉంది, వేడినీళ్లు బకెట్ లెక్కన ఇచ్చారు. అయినా తలుపు తీస్తే వాలు కనిపించే చోటు నేర్చుకునేవాడికి అన్నిటికన్నా విలువైన వసతి. ఒకే వాలు మీద రోజుకు పదిసార్లు దిగితే నిన్నటి తప్పు ఇవాళ స్పష్టంగా తెలుస్తుంది. ముందు కొనలు దగ్గర చేసి జారే స్నోప్లౌ పద్ధతి వదిలి రెండు స్కీలనూ సమాంతరంగా ఉంచి తిరగడం నాకు అక్కడే వచ్చింది. అక్కడ లేనిది ఒక్కటే, ఎంపిక. అద్దెకు దొరికినవి పాత, ఇరుకైన స్కీలు. వాటితో నేర్చుకోవచ్చు గానీ, ఏది మనకు సరిపోతుందో పోల్చి చూసుకోలేం.

గుల్‌మార్గ్‌కు ఈసారి రైల్లోనే వెళ్లాను. 2025 జూన్‌లో కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ మొదలయ్యాక మాలాంటి వాళ్లకు ఆ ప్రయాణం తేలికైంది. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ 50 కిలోమీటర్లు. మంచు పడిన రోజున టంగ్‌మార్గ్‌లో బండి మారాల్సిందే, ఆ పైన చక్రాలకు గొలుసులు కట్టిన జీపులే వెళ్తాయి. మొదటి రెండు రాత్రులు ఖర్చు తగ్గుతుందని టంగ్‌మార్గ్‌లో ఒక కుటుంబం నడిపే ఇంట్లో ఉన్నాను. కట్టెల బుఖారీ వేడి, పూటపూటా అన్నం, హాక్ ఆకుకూర. నేను తీసుకెళ్లిన చింతకాయ పచ్చడి ఆ ఇంటి పెద్దావిడకు తెగ నచ్చింది. మనసుకు ఇంతకన్నా మంచి వసతి దొరకదు. కానీ ఉదయం పైకి వెళ్లే జీపు కోసం గంటన్నర పోతోంది, పొద్దుటి గట్టిమంచు మీద స్కీలను పరీక్షించే వేళ అదే. మూడో రోజు గుల్‌మార్గ్‌లోకే మారాను. కుటుంబంతో చూడటానికి వెళ్తే టంగ్‌మార్గ్‌లోనే ఉండండి. స్కీ చేయడానికైతే పైనే ఉండండి, బూట్లు ఆరబెట్టుకునే వేడి గది ఉందో లేదో ముందే అడగండి. తడి బూట్లతో రెండో రోజు కాళ్లు పనిచేయవు.

అక్కడి రోప్‌వే గొండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. మొదటి దశ 3,000 మీటర్లు దాటిన కొంగ్‌డోరి వరకు, రెండోది సుమారు 3,950 మీటర్ల దగ్గర అఫర్‌వాట్ వరకు వెళ్తుంది. రెండో దశలో ఎక్కువ భాగం తొక్కించని, అంటే యంత్రంతో చదును చేయని మంచు. 2024 ఫిబ్రవరిలో అక్కడ వాలు బయటి ప్రాంతంలో మంచుచరియ విరిగిపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. నా స్థాయివాడు మార్గదర్శి లేకుండా అటు వెళ్లకూడదని గట్టిగా నమ్ముతున్నాను. నేను వెళ్లలేదు.

మొదటి రోజు ఒక అద్దె దుకాణంలో నాకు కోపం వచ్చింది. అంచులు తుప్పుపట్టిన స్కీలు చేతికిచ్చారు. బరువు అడగలేదు, వయసు అడగలేదు, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ మర తిప్పి పొమ్మన్నారు. పడ్డప్పుడు బూటును సరైన సమయంలో వదిలేది బైండింగే. ఆ మర ఎంత బిగించాలన్నది బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అరికాలి పొడవు చూసి నిర్ణయించాలి. వదులైతే మలుపులో ఊడిపోతుంది, బిగువైతే మోకాలు తిరిగిపోతుంది. ఆ స్కీలు అక్కడే వదిలేసి పక్క దుకాణానికి వెళ్లాను. అక్కడి కుర్రవాడు ఇవన్నీ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. మిగిలిన రోజులన్నీ అతని దగ్గరే అద్దెకు తీసుకున్నాను.

అసలు ముందు కొనాల్సింది బూట్లు. అద్దె బూట్లు ఎందరో తొడిగి లోపలి మెత్త నలిగి ఉంటాయి. మడమ లేస్తే స్కీ మన మాట వినదు. గుల్‌మార్గ్ బజారులో రెండు గంటలు కూర్చుని బూట్లు తొడిగి చూశాను. లోపలి మెత్త తీసేసి ఉత్త డొప్పలో కాలు పెట్టి, వేళ్లను ముందుకు తాకించినప్పుడు మడమ వెనుక ఒకటి రెండు వేళ్ల సందు ఉండాలి. మెత్త వేసి తొడిగాక నిటారుగా నిలబడితే వేళ్లు కొంచెం తాకాలి, మోకాళ్లు వంచితే వెనక్కి జరగాలి. మామూలు బూట్ల కొలత చెప్పి అడిగితే ఒక అంకె పెద్దవే ఇస్తారు. అవి హాయిగా ఉంటాయి, అదే మోసం. నాకు 26.5 సెంటీమీటర్ల కొలత సరిపోయింది. బూటు ముందుకు ఎంత కష్టంగా వంగుతుందో చెప్పే గట్టిదనం అంకె 90 ఉన్నవి తీసుకున్నాను.

ఇక స్కీలు. నా ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. మూడు రోజులు మూడు రకాలు వేసుకున్నాను. మొదటివి నడుము, అంటే స్కీ మధ్యలో వెడల్పు, 76 మిల్లీమీటర్లు, పొడవు 160 సెంటీమీటర్లు. పొద్దున గట్టిమంచు మీద ఎంత చక్కగా తిరిగాయో! మోకాలు కొంచెం వంచితే చాలు, అంచు పట్టుకునేది. రెండో రోజువి నడుము 98, పొడవు 172. గుల్‌మార్గ్‌లో ఎవరిని చూసినా అలాంటి వెడల్పాటివే. విదేశీయులు పొడిమంచు, అంటే కొత్తగా పడిన పొడిలాంటి మంచు, కోసం అంత దూరం వస్తారు కాబట్టి వాళ్ల స్కీలు అలాగే ఉంటాయి. నాకూ అవే కావాలనిపించింది. కానీ తొక్కించిన వాలు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడానికి కాలంతా తిప్పాల్సి వచ్చింది. నడుము వెడల్పైన కొద్దీ అంచు పాదం కింది నుంచి బయటికి జరుగుతుంది, దాన్ని వంచడానికి చీలమండ, మోకాలు ఎక్కువ శ్రమ పడాలి. సాయంత్రానికి మోకాళ్లు లాగేశాయి. మూడో రోజువి నడుము 84, పొడవు 167. ముందు కొన కొద్దిగా పైకి లేచి, పాదం కింద విల్లులా వంగి ఉన్నవి. ఆ మధ్యాహ్నం కొత్త మంచు పడింది, చీలమండల దాకా. అవి మునగలేదు, మర్నాడు పొద్దున గట్టిమంచు మీద జారిపోనూ లేదు.

అయినా వెడల్పాటి వాటి మీద ఆశ చావలేదు. నా శిక్షకుడు కాశ్మీరీ, ఇరవయ్యేళ్లుగా అదే వాలు మీద ఉన్నవాడు. ఆయన అడిగాడు: “ఏడాదికి ఎన్ని రోజులు మంచు మీద ఉంటారు?”

“ఎనిమిది.”

“అందులో కొత్త మంచు ఎన్ని రోజులు దొరికింది?”

ఈసారి ఒక్క రోజు. మూడేళ్లలో కలిపి మూడు. అక్కడి మంచును ముందే నమ్ముకోలేం. 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలే మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. “పొడిమంచు పడ్డ రోజున వెడల్పాటివి అద్దెకు తీసుకోండి. మిగతా ఏడు రోజుల కోసం కొనుక్కోండి” అన్నాడు. నాకు బదులు దొరకలేదు.

చివరికి మూడో రోజు వేసుకున్నలాంటివే ఖాయం చేసుకున్నాను: 84 నడుము, 167 పొడవు, మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు. ఇంటికొచ్చాక మ్యూనిక్‌లో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఈ లెక్క పంపాను. అక్కడ మార్చి, ఏప్రిల్‌లో సీజన్ ముగుస్తూ ధరలు తగ్గుతాయి. వాడు దుకాణం నుంచే ఫోను చేశాడు. “మామయ్యా, మీ బూటు పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, అది చెప్పండి. అరికాలు ఏ రకమో కూడా కావాలి, లేకపోతే బైండింగ్ బిగించలేం అంటున్నారు.” బూటు మడమ దగ్గర 305 అని ఉంది. గ్రిప్‌వాక్ అని అరికాలి మీద రాసి ఉంది. ఫోటో తీసి పంపాను. రంగు నచ్చిందా అని కూడా అడిగాడు. అది వాడికే వదిలేశాను.

మే నెల మొదట్లో వాడు హైదరాబాద్‌లో దిగి, మంచిర్యాల దాకా రైల్లో తెచ్చాడు. స్కీల సంచీ కింది బెర్తు కింద సరిగ్గా పట్టింది. బైండింగ్‌లతో కలిపి ఆరు కిలోలు, బూట్లు ఇంకో నాలుగు. విమానంలో 15 కిలోల పరిమితితో వెళ్లేవాళ్లు బట్టలు తగ్గించుకోవాలి.

మా ఊరి ఎండకూ వానకూ వీటిని కాపాడటం ఇంకో పని. రేకుల కింది అటక మీద పెట్టవద్దని మా ఆవిడకు ముందే చెప్పాను, అక్కడి వేడికి పొరల మధ్య జిగురు దెబ్బతినవచ్చు. అడుగున మైనం మందంగా పూసి గీకకుండా వదిలాను, అంచులకు పలచగా నూనె రాశాను. వానాకాలం తేమకు తుప్పు ముందు పట్టేది అంచులకే. ఇప్పుడవి ఉత్తరపు గదిలో, మంచం కింద, పాత నూలు దుప్పటిలో ఉన్నాయి. ఫిబ్రవరిలో మొదటి వారం ఔలీకి తీసుకెళ్తాను. ఆ పొడవాటి వాలు మీద వీటితో పొద్దున ఎనిమిదికి మొదటి మలుపు తిప్పాలి.