లాకప్ గదిలో రాత్రి లైటు: మూడున్నరేళ్లు వాడినాక

నేను అనంతపురంలో ఎలక్ట్రికల్ పనులు పట్టుకుంటా, ఎక్కువ గవర్నమెంటు బిల్డింగులే. మూడున్నరేళ్ల కింద ఒక పోలీస్ స్టేషన్లో రెండు లాకప్ గదులకి కొత్త లైట్లు వేసినా, మెయింటెనెన్సు కూడా నాదే కాబట్టి నెలకోసారన్నా పోయి చూస్తానే ఉన్నా. గోడలూ కప్పూ కలిసే మూలలో కూర్చునే రకం ఫిట్టింగు, వాలుగా ఉండే స్టీలు బాడీ, పాల రంగు పాలికార్బొనేట్ కవరు. వాట్లు, ల్యూమెన్లు ఏ కేటలాగులో చూసినా ఉంటాయి, అవి వదిలేస్తా. నేను చెప్పాలనుకునేది దాంట్లో ఉన్న రాత్రి లైటు గురించి.

పాత ఏర్పాటు తెలిస్తేనే ఇది ఎందుకంత నచ్చిందో అర్థమైతాది. గదిలో జాలీ లోపల ఒక బల్బు, గోడ మీద వైరు కేసింగు, దాంట్లో సగం ఊడిపోయి ఉండేది. ఆ వైరు చూసినప్పుడల్లా నాకు గుండె జారిపోయేది, మనసు బాగలేని మనిషిని ఆ గదిలో ఒంటరిగా పెడితే ఏమైనా జరగొచ్చు. ఇంక రాత్రంతా ఆ బల్బు వెలగాల్సిందే, ఆపితే సెంట్రీకి లోపల మనిషి కనపడడు. వెలిగితే లోపలున్నోళ్లు నిద్రపోలేరు, చొక్కా మొహం మీదికి లాక్కొని పడుకుంటారు, మొహం కప్పుకుంటే ఆ మనిషి నిద్రపోతున్నాడా స్పృహ తప్పినాడా సెంట్రీకి తెలీదు, అందుకని కడ్డీలు కొట్టి లేపుతారు, మళ్లా నిద్ర పోయె. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందర పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది, ఆర్టికల్ 22. అంటే లాకప్‌లో ఉండేది మామూలుగా ఒక్క రాత్రి. ఆ ఒక్క రాత్రే మనిషి అన్నిటికంటే ఎక్కువ కుమిలిపోయే రాత్రి, పొద్దున్నే కళ్లు మండుతుండగా కోర్టులో నిలబడి తన మాట తాను చెప్పుకోవాల. ఒక్క బల్బుతో ఇంత ముడిపడి ఉందని నేను ఆ పనిలోకి దిగినాకే తెలుసుకున్నా.

కొత్త దాంట్లో పగటికి తెల్ల లైటు, రాత్రి పదికి సెంట్రీ బయట స్విచ్చి తిప్పితే పదో వంతుకి తగ్గి, పసుపు రంగులోకి మారతాది. మూల నుంచి గది మొత్తానికి పడతాది కాబట్టి ఏ పక్కన పడుకున్నా చీకటి మూల అనేది ఉండదు. వేసిన వారానికి పోతే రాత్రి డ్యూటీ కానిస్టేబులు చెప్పినాడు, "అన్నా, ఇప్పుడు లేపి చూసే పనే లేదు, పొట్ట ఎగిరేది దిగేది ఈడ నుంచే కనపడతాంది" అని. ఆ మాట విన్న రోజు నాకు బిల్లు పాసైన రోజు కంటే ఎక్కువ సంతోషం అయింది. తెలిసిన కాంట్రాక్టర్లందరికీ ఫోన్ చేసి చెప్పినా, ఇంక వేరేది చూడొద్దు అని.

ఎనిమిది నెలలకి అసలు కథ మొదలైంది. అప్పటిదాకా ఆ స్టేషన్లో వరండాలోనే కెమెరా ఉండేది. లాకప్‌లతో సహా ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టాల, నైట్ విజన్ ఉండాల, మాట కూడా రికార్డు కావాల, రికార్డింగు 18 నెలలు దాచాల అని 2020 డిసెంబర్ 2న సుప్రీంకోర్టు చెప్పింది కదా, మా స్టేషన్లో లాకప్ గదుల్లోకి కెమెరాలు వచ్చింది నేను లైట్లు వేసిన ఈ ఎనిమిది నెలలకి. పగలు బొమ్మ అద్దం మాదిరి ఉంది. రాత్రి పదికి లైటు తగ్గించినారో లేదో స్క్రీన్ మీద నల్లటి పట్టీలు, కింద నుంచి పైకి పాకుతా, ఒక్కోసారి పట్టీ సరిగ్గా మనిషి మొహం మీదికొచ్చి ఆగిపోయేది. ఎస్సై సార్ పిలిపించినారు. కెమెరా అబ్బాయి లైటుదే తప్పు అన్నాడు, నేను కెమెరాదే అన్నా, ఎందుకంటే కంటికి లైటు నిలకడగానే ఉంది. కేబుల్ మార్చినాం, పవర్ సప్లై మార్చినాం, యూపీఎస్ తీసి నేరుగా కరెంటు ఇచ్చి చూసినాం, పట్టీలు పోలేదు. రికార్డు చెడిపోతే రేపు ఏదన్నా జరిగితే జవాబు చెప్పుకోలేం అని రాత్రంతా ఫుల్ లైటు వేసి ఉంచమన్నారు, నేనూ సరే అన్నా. అట్లా రెండు నెలలు. ఆ రెండు నెలల్లో అదే కానిస్టేబులు ఒకసారి చెప్పినాడు, "నిన్న ఒక పెద్దాయన వచ్చినాడన్నా, తెల్లారేదాకా గోడకి ఆనుకొని కూచోనే ఉన్నాడు" అని. ఆయన మీద కేసు ఏందో నాకు తెలీదు, అది నా పని కాదు, కానీ ఆయన కూచున్నది నేను వేసిన లైటు కింద, ఆ మాట శానా రోజులు నన్ను వదల్లేదు.

ఒక రాత్రి పదకొండుకి పోయి ఫిట్టింగు అంచున పెట్టిన సీలెంటు ఫొటో తీద్దామని ఫోన్ పైకెత్తినా. ఫోన్ స్క్రీన్ మీద కూడా అవే పట్టీలు! ఫుల్ లైటు వేస్తే లేవు, తగ్గిస్తే ఉన్నాయి. అప్పుడు అర్థమైంది, లోపలున్న డ్రైవరు, అంటే లైటుకి కరెంటు అందించే భాగం, లైటును నిజంగా తగ్గించడం లేదు, సెకనుకి కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తాంది, ఆర్పిన సమయం ఎక్కువ ఉంటే మన కంటికి తక్కువ వెలుగనిపిస్తాది. కెమెరా మాత్రం బొమ్మని గీత గీతగా చదువుతాది, ఆరిన క్షణంలో చదివిన గీతలు నల్లగా పడతాయి. అమ్మినోళ్లకి ఫోన్ చేస్తే కెమెరా సెట్టింగు మార్చుకోండి అన్నారు. కెమెరా షట్టర్ సెకనులో 50వ వంతుకి పెడితే పట్టీలు పల్చబడినాయి గానీ పోలేదు. ఆఖరికి కరెంటునే తగ్గించే రకం డ్రైవర్లు తెప్పించి మార్చినా, పట్టీలు మాయం. నైట్ విజన్ ఉంది కదా లైటు మొత్తం ఆపేయండి అని మధ్యలో ఒకరు సలహా ఇచ్చినారు, నేను ఒప్పుకోలేదు, చీకట్లో తీసే ఆ తెలుపు నలుపు బొమ్మలో మొహం పాలిపోయిందా, దెబ్బ తగిలి రక్తం వచ్చిందా తెలీదు, పైగా సెంట్రీ కంటికి కెమెరా బదులు కాదు.

అయితే కొత్త డ్రైవరుతో ముందంత సన్నగా తగ్గదు. పదో వంతు కాదు, అయిదో వంతు దగ్గర ఆగిపోతాది. నిద్ర పడతాది, కానీ మొదటి ఎనిమిది నెలల్లో ఉన్నంత హాయి లేదు, అది ఒప్పుకోవాల.

డ్రైవర్లు మార్చేటప్పుడే వాటిని గది బయట, వరండాలో డబ్బాలో పెట్టించినా. ఫిట్టింగు గాలి చొరకుండా సీల్ చేసింది, దుమ్ము రాదు, పురుగు రాదు అని మొదట్లో నేనే మెచ్చుకున్నా, అదే సీలు వేడిని కూడా బయటికి పోనీదు. మాది బండల మిద్దె, మే నెలలో అర్ధరాత్రి దాకా సెగ కక్కుతాది. డ్రైవర్లో ఉండే కెపాసిటర్‌కి 10 డిగ్రీలు వేడి పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతాది. బయటికి మార్చినాక ఒక్కటీ పోలేదు, పోయినా గది తలుపు తెరిచే పని లేదు.

గట్టిదనం సంగతి: కవరు ఐకే10 రకం, అంటే 5 కిలోల బరువు 40 సెంటీమీటర్ల పై నుంచి పడినా తట్టుకోవాల. మూడున్నరేళ్లలో తన్నినారు, చెంబుతో కొట్టినారు, ఒక్క గీత తప్ప ఏమీ కాలేదు. పగిలింది ఒకే ఒకటి, అది కూడా సున్నం కొట్టడానికి వచ్చినోళ్లు పెయింటు మరకలు థిన్నర్‌తో తుడిస్తే వారంలో సాలెగూడు మాదిరి నెర్రెలిచ్చింది. సబ్బునీళ్లు తప్ప ఇంకేదీ తగలనీయొద్దు. పాత రాతి గోడ చదునుగా ఉండదు కాబట్టి అంచున సందు పడతాది, మామూలు సిలికాన్ పెడితే గోళ్లతో పీకేస్తారు, గట్టిపడే రకం సీలెంటే పెట్టాల. నేను రెండోసారికి తెలుసుకున్నా. స్క్రూలకి మధ్యలో పిన్ను ఉంటాది, దానికి ప్రత్యేకమైన బిట్టు కావాల, ఒకసారి బిట్టు పోగొట్టుకొని ఎవరో మామూలు స్క్రూలు బిగించినారు, చూసిన రోజే తీయించినా. ఇప్పుడు బిట్టు రైటర్ బీరువాలో ఉంటాది.

మళ్లా కొంటావా అంటే కొంటా, ఇట్లాంటి చిన్న స్టేషన్‌కి, ఒక రాత్రి ఉండే గదికి. జైలు గదికి ఇదే పెట్టమని చెప్పను. అక్కడ మనిషి నెలలు, ఏళ్లు ఉంటాడు, కళ్లు చెడకుండా చదువుకునేంత వెలుగు ఉండాలని ఐక్యరాజ్యసమితి మండేలా నియమాల్లోనే రాసినారు, మూల లైటు ఒక్కటే దానికి చాలదు. ధర కూడా పాత ట్యూబు సెట్టుకి ఆరేడు రెట్లు, నాకు మెయింటెనెన్సు చేతిలో ఉంది కాబట్టి గిట్టింది.

కొనేవాళ్లు ఒక్కటి చేయండి. గోడకి ఎక్కించకముందే టేబుల్ మీద వెలిగించి, పూర్తిగా తగ్గించి, అదే గదిలో పెట్టబోయే కెమెరాతో ఒక రాత్రి రికార్డు చేసి చూడండి. నేను అది చేసుంటే ఆ పెద్దాయన ఆ రాత్రి పడుకునేవాడు.