ఎర్ర ఏంజెల్స్ ట్రంపెట్ మొక్క: పూలకు ఐదు స్టార్లు, అమ్మిన తీరుకు ఒకటి

పోయిన ఏడాది మార్చిలో, శాన్ ఫ్రాన్సిస్కో పక్కన మేముండే పసిఫికాలో, ఒక నర్సరీలో 40 డాలర్లు పెట్టి కొన్నాను. అసలు పేరు బ్రగ్‌మాన్సియా సాంగ్వినియా.

మొక్కకి వంక పెట్టలేను. ఉమ్మెత్తకి దగ్గరి చుట్టమే కానీ ఉమ్మెత్త పువ్వు పైకి నిలబడుతుంది, కాయకి ముళ్లుంటాయి, దీని పూలేమో కిందికి వేలాడతాయి, కాయ నున్నగా ఉంటుంది, కాండం చెట్టులా గట్టిపడుతుంది. జానెడు పువ్వు, తొడిమ దగ్గర ఆకుపచ్చ, మధ్యలో పసుపు, అంచుకొచ్చేసరికి ఎరుపు. తెల్ల రకాలు రాత్రిపూట చిమ్మటల కోసం ఘుమఘుమలాడతాయి, దీనికి వాసనే లేదు, ఎందుకంటే దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో దీని తేనె తాగేది, తోక వదిలేస్తే ఒంటికన్నా పొడుగు ముక్కున్న ఒక హమ్మింగ్‌బర్డ్. పుట్టిల్లు కొలంబియా నుంచి ఉత్తర చిలీ దాకా, 2,000 మీటర్లు దాటిన చల్లటి కొండలు, అందుకే మా పొగమంచులో హాయిగా ఉంది. హైదరాబాద్ నుంచి అడుగుతున్న చుట్టాలకి మాత్రం వద్దనే చెప్తున్నా, ఆ ఎండకి ఇది తట్టుకోదు.

నా కోపమంతా మొక్కతో పాటు ఇచ్చిన కార్డు మీద. ఎంత ఎండ, ఎన్ని నీళ్లు, ఏ ఎరువు, అన్నీ రాశారు. విషం అన్న మాట లేదు! ఆకు, పువ్వు, గింజ, వేరు, అన్నిట్లోనూ స్కోపలమిన్, అట్రోపిన్ అనే విషాలు ఉంటాయి. జూన్‌లో కొమ్మలు కత్తిరించి, ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను. కాసేపటికి ఎడమ కంటి పాప ఇంత పెద్దదైపోయి చూపు మసకబారింది, కుడి కన్ను మామూలుగానే ఉంది. మెదడులో ఏదో అయిందని మా ఆవిడ టెన్షన్‌తో ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. డాక్టరు ఇంట్లో ఏం మొక్కలున్నాయని అడిగాక గానీ సంగతి తేలలేదు. కంటి పరీక్షకి పాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు కదా, ఈ పసరూ అదే పని చేస్తుంది. రెండు రోజులకి తగ్గింది.

వినాయక చవితికి అమ్మ వచ్చింది. ఇరవై ఒక్క పత్రిలో ఉమ్మెత్త ఉంటుంది కదా, "ఇన్నాళ్లకి దొరికిందిరా" అంటూ దీని ఆకులు కోసి పళ్లెంలో పెట్టేసింది. పక్కనే ఉండ్రాళ్లు, ఎదురుగా మా నాలుగేళ్ల పాప. ఉమ్మెత్త కూడా విషమేనని అమ్మకి బాగా తెలుసు, ఊళ్లో పూజ అవగానే మా అందరి చేతులూ కడిగించేది. కానీ ఇక్కడ కొనేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

నర్సరీకి వెళ్లి ఒక్క స్టిక్కర్ అయినా అంటించమని అడిగాను. కార్డులు మొక్కలు పెంచేవాళ్ల దగ్గర్నుంచే వస్తాయన్నారు. పోయిన వారం చూస్తే అదే కార్డు.

మొక్కని మాత్రం పారేయను. అడవుల్లో ఇది అంతరించిపోయిందని, ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కగట్టే ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ జాబితా చెబుతోంది, మనుషులు నాటుకున్నవే మిగిలాయి. వెనక కంచె దగ్గరికి మార్చి, పాప వెళ్లకుండా చిన్న తలుపు పెట్టాను. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోను, కత్తెర కడిగాకే లోపలికి తెస్తాను. ఈ వారం కొత్తగా పద్నాలుగు మొగ్గలు వేసింది.