రెండరింగ్ కోసం కంప్యూటర్ కొంటున్నారా? బిల్లు మీద ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబరు లేకుండా డబ్బు కట్టకండి

త్రీడీ రెండరింగ్ (కంప్యూటర్‌లో కట్టిన త్రీడీ నమూనా నుంచి బొమ్మలు, వీడియోలు తీయడం) పనికి అసెంబుల్డ్ కంప్యూటర్ కట్టించుకోబోతున్న వారందరూ దయచేసి ఇది చదవండి. సికింద్రాబాదులోని ఒక దుకాణంలో నేను కట్టించుకున్న కంప్యూటర్‌లో ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే ఫ్లాష్ డ్రైవ్) పద్నాలుగు నెలలకే అరిగిపోయింది. ఐదేళ్ల వారంటీ ఉందని వారు చెప్పిన మాట నాకు ఏ విధంగానూ అక్కరకు రాలేదు.

కట్టబోయే ఇళ్లకు, లోపల నడిచి చూస్తున్నట్టు ఉండే వాక్‌త్రూ వీడియోలు చేయడం నా వృత్తి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రాత్రంతా రెండర్ పెట్టి, పొద్దున్నే ఫ్రేములు సరిచూసుకుంటాను. ఈ సంగతి దుకాణంలో వివరంగానే చెప్పాను. డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టమని, మెమరీ (ర్యామ్) 16 జీబీ సరిపోతుందని, ఒకవేళ చాలకపోయినా వేగమైన ఎస్‌ఎస్‌డీ ఆ లోటు తీరుస్తుందని వారు సలహా ఇచ్చారు. నన్ను ముంచింది ఆ చివరి మాటే. బిల్లులో ‘512 జీబీ ఎన్‌వీఎంఈ’ (వేగమైన ఎస్‌ఎస్‌డీ రకం) అని మాత్రమే రాశారు. కంపెనీ పేరు గాని, మోడల్ నంబరు గాని లేవు.

ఒక రోజు ఉదయం చూస్తే, 600 ఫ్రేములు పూర్తి కావలసిన రెండర్ 212వ ఫ్రేము దగ్గర ఆగిపోయి ఉంది. డ్రైవ్ పరిస్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం తెరిచాను. మిగిలిన ఆయుష్షు చెప్పే హెల్త్ గడి పసుపు రంగుకు మారి 3 శాతం చూపిస్తోంది. ‘టోటల్ హోస్ట్ రైట్స్’ (డ్రైవ్ మీద ఇప్పటివరకు రాసిన మొత్తం) అన్న చోట 1,12,640 జీబీ, అంటే 110 టీబీ అని ఉంది. పద్నాలుగు నెలలకు లెక్క వేస్తే రోజుకు 260 జీబీ పైమాటే. నేను దాచుకున్న ఫ్రేములన్నీ కలిపినా 3 టీబీ కూడా ఉండవు. మిగిలిన రాతలన్నీ పేజ్‌ఫైల్‌వి.

మెమరీ చాలనప్పుడు విండోస్ అందులోని కొంత భాగాన్ని సీ డ్రైవ్‌లోని పేజ్‌ఫైల్‌లో రాసి పెట్టి, అవసరం పడ్డప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. రెండరింగ్‌లో ఈ పరిస్థితి మనం అనుకున్నదానికన్నా ముందే వస్తుంది. డిస్కులో ఐదారు ఎంబీల జేపెగ్‌గా కనిపించే 4కే టెక్స్చర్ (వస్తువుల ఉపరితలం మీద అతికించే బొమ్మ), 4096 అడ్డం 4096 నిలువు పిక్సెళ్లలో ఒక్కోదానికి 4 బైట్లు కావాలి కనుక, మెమరీలోకి వచ్చేసరికి 64 ఎంబీ అవుతుంది. అటువంటివి 120 ఉంటే వాటికే ఏడున్నర జీబీ పోతుంది. చెట్లు, గడ్డి, కర్టెన్ల జామెట్రీ (ఆకారాల వివరాలు) దానికి అదనం. నా సీన్లకు 38 జీబీ వరకు కావలసి వచ్చేది. లేని 22 జీబీ భారమూ రాత్రి తర్వాత రాత్రి ఎస్‌ఎస్‌డీ మీద పడింది.

ఎస్‌ఎస్‌డీలో డేటా దాచే ఫ్లాష్ సెల్ ఎన్నిసార్లు రాయించుకోగలదో దానికి ఒక హద్దు ఉంటుంది. ఒక్కో సెల్‌లో 3 బిట్లు దాచే టీఎల్‌సీ కన్నా 4 బిట్లు దాచే క్యూఎల్‌సీ చౌక, కాని త్వరగా అరుగుతుంది. తయారీదారు ఈ హద్దును టీబీడబ్ల్యూ (మొత్తం ఎన్ని టీబీలు రాయవచ్చో) అనే అంకెగా ప్రకటిస్తాడు. శాంసంగ్ 970 ఈవో ప్లస్ 500 జీబీకి అది 300 టీబీ. నాకు బిగించిన క్యూఎల్‌సీ డ్రైవ్‌కు 100 టీబీ మాత్రమే. వారంటీ ఐదేళ్లా, టీబీడబ్ల్యూ పూర్తయ్యే వరకా అంటే, రెండింటిలో ఏది ముందు వస్తే అంతవరకే. సర్వీస్ సెంటర్ వారు ఈ షరతు చూపించి తిప్పి పంపారు. దుకాణదారు “మీరు బాగా ఎక్కువ వాడేశారు సార్, మేమేం చేస్తాం” అన్నారు. ఏ పనికి వాడతానో ముందే చెప్పి కొన్నవాడితో అనవలసిన మాట కాదది.

ఇప్పటికే తక్కువ మెమరీతో పని చేస్తున్నవారు రెండర్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిచి ‘కమిటెడ్’ అంకె (ప్రోగ్రాములకు కేటాయించిన మొత్తం మెమరీ) చూడండి. అందులో మొదటి సంఖ్య మీ మెమరీని బాగా మించి ఉంటే, రిసోర్స్ మానిటర్‌లోని డిస్క్ పేజీలో పేజ్‌ఫైల్ రాతలు ఎంత జోరుగా సాగుతున్నాయో గమనించండి. పేజ్‌ఫైల్‌ను పూర్తిగా తీసేస్తే మాత్రం రెండర్ మధ్యలోనే కూలిపోతుంది, ఆ పని చేయకండి. బ్లెండర్‌లో సింప్లిఫై అనే సెట్టింగు కింద టెక్స్చర్ పరిమితి తగ్గించడం, చెట్లను షిఫ్ట్ డీ బదులు ఆల్ట్ డీతో నకలు చేసి అన్నింటికీ ఒకే మెష్ (ఆకార డేటా) వాడుకునేలా చూడడం నాకు వెంటనే ఉపయోగపడ్డాయి. ఆ తర్వాత అప్పు చేసి 64 జీబీ మెమరీ వేయించాను. అదే సీన్లకు ఇప్పుడు రోజుకు 15 జీబీ రాతలు కూడా దాటడం లేదు.

కొత్తగా కొనేవారు మెమరీ తర్వాత పెంచుకోవడానికి బోర్డులో ఖాళీ స్లాట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. మెమరీని బోర్డుకే అతికించిన ల్యాప్‌టాప్‌లలో ఆ దారి ఉండదు. ఎస్‌ఎస్‌డీ మోడల్ నంబరును బిల్లు మీద రాయించి, దాని టీబీడబ్ల్యూ ఎంతో కంపెనీ స్పెసిఫికేషన్ పత్రంలో మీరే చదవండి. డబ్బు చేతికి ఇచ్చే ముందు దుకాణంలోనే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిపించండి. విండోస్ ఎక్కించిన కొత్త డ్రైవ్‌లో హోస్ట్ రైట్స్ కొద్ది పదుల జీబీలకు మించి ఉండకూడదు. అంతకు మించి వేలల్లో కనిపిస్తే అది వాడిన డ్రైవ్, తీసుకోకండి. సరిగా ఉంటే ఆ తెరను, బిల్లును కలిపి ఫోటో తీసి దాచుకోండి.