ఫోన్‌లో హ్యాండోవరా, మంచం పక్కనా?

ఎమర్జెన్సీ నుంచి ఐసీయూకి పేషెంటును మార్చేటప్పుడు నర్సు ముందే ఫోన్‌లో వివరాలు చెప్పొచ్చు, లేదా వెంట వెళ్లి మంచం పక్కన అప్పగించొచ్చు.

ఫోన్‌తో ఒక్కటే లాభం, కానీ పెద్దది: పేషెంటు చేరేలోపు వెంటిలేటర్, సక్షన్ (గొంతులోని కఫం లాగే యంత్రం), మందులు ఎక్కించే పంపులు సిద్ధంగా ఉంటాయి. చిక్కల్లా వినికిడితోనే. ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ ఒకేలా వినపడతాయి. డోసును ‘వన్ ఫైవ్’ అని విడదీసి చెప్పాలి, అవతలివారు రాసుకుని తిరిగి చదవాలి. పైగా ఫోన్ ఎత్తినవారే ఆ పేషెంటును చూసుకుంటారన్న హామీ లేదు.

మంచం పక్కనైతే చెప్పినదాన్ని కళ్లతో సరిచూసుకోవచ్చు. బీపీ పెంచే మందు నోరాడ్రినలిన్ పంపు గంటకు 5 ఎంఎల్ చూపిస్తోందనుకుందాం. 50 ఎంఎల్ సిరంజిలో 4 మిల్లీగ్రాములు కలిపారా, 8 కలిపారా? రేటు అదే, మందు మాత్రం రెట్టింపు. ఆ తేడా పట్టించేది లేబులే. ఇద్దరూ కలిసి చదవాలి, ప్రతి లైనునూ (మందు వెళ్లే గొట్టాన్ని) పంపు నుంచి సూది దాకా చేత్తో పట్టుకుని చూడాలి.

ఇక్కడ జరిగే పొరపాటు, మానిటర్ వైర్లు తగిలిస్తూనే చెప్పేయడం. అలారంల మధ్య సగం మాటలు పోతాయి. ముందు వైర్లు, బీపీ, ఆక్సిజన్ చూసుకోండి. తర్వాతే మాటలు, ఒక్కరే మాట్లాడాలి.

పంపుల మీద ఉన్న పేషెంటుకు మంచం పక్కన అప్పగింత తప్పనిసరి, ఫోన్ దానికి ముందు రెండు నిమిషాల కబురు మాత్రమే. నిలకడగా ఉన్నవారికి ఫోన్, రాతపూర్వక షీట్ చాలు. ఎలా చెప్పినా జారిపోయే అవకాశం ఉన్నవి రెండు: చివరి యాంటీబయాటిక్ డోసు ఇచ్చిన టైము, ఇంకా రావాల్సిన ల్యాబ్ రిపోర్టులు.