రెండేళ్లకు పైగా ఏఐతో అర్జీలు రాస్తున్నా

మాది ఎమ్మార్వో ఆఫీసు ఎదురుగా ఉండే జిరాక్స్, టైపింగ్ సెంటర్. తెలుగు టైపింగ్‌లో పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు ఫోన్లలో, ఇంటర్నెట్‌లో నడిచే యూనికోడ్‌కు వచ్చినవాణ్ని. చాట్‌జీపీటీ 2022 నవంబర్‌లోనే వచ్చినా, నేను పనిలో ఏఐ చాట్‌బాట్ వాడటం మొదలుపెట్టింది 2023 చివర్లో. తోటి సెంటర్ల వాళ్లు "నిజంగా పనికొస్తదా అన్నా?" అని అడుగుతున్నారు. వస్తుంది. కాకపోతే ఎక్కడ నమ్మాలో, ఎక్కడ ఆగాలో తెలియడానికి నాకు ఏడాది పట్టింది.

సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి కదా, ఆ పొద్దున మా దగ్గర క్యూ ఉంటుంది. ఒకప్పుడు ఒక్కో అర్జీకి అరగంట పైనే పట్టేది. ఇప్పుడు మనిషి చెప్పింది వాయిస్ టైపింగ్‌లో ఎక్కించి, "తహసీల్దార్ గారికి అర్జీగా రాయి, పేజీ దాటొద్దు" అంటే నిమిషంలో విషయం, ప్రార్థన, జతపరచిన పత్రాలు అన్నీ వరుసగా వచ్చేస్తాయి. పింఛను ఆగిపోయిన ఒకామె ఏడుస్తూ ముందుది వెనక, వెనకది ముందు చెప్పింది. ఏఐ దాన్ని తేదీల వారీగా సర్ది పెట్టింది. చదివి వినిపిస్తే, "గిదే అన్నా, నేను చెప్పాలనుకున్నది గిదే" అంది. ఆ ఒక్క పనికే దీన్ని వదలబుద్ధి కాదు.

ఇక దెబ్బ తిన్న సంగతి. ఒక పెద్దాయన పట్టాదారు పాసుపుస్తకం తెచ్చాడు. ఆయనకు రావాల్సిన భూమి 1.20. మా తెలంగాణలో అది ఎకరం ఇరవై గుంటలు, అంటే ఎకరన్నర. నలభై గుంటలకు ఎకరం కదా. ఏఐ దాన్ని దశాంశంగా తీసుకుని "1.2 ఎకరాలు, అనగా 1 ఎకరం 8 గుంటలు" అని వివరంగా రాసి పెట్టింది. పన్నెండు గుంటలు పోయాయి. ఆయన అర్జీ పెట్టుకునేదే పాసుపుస్తకంలో భూమి తక్కువ పడిందని! ప్రింట్ తీసి సంతకానికి ఇస్తే ఆయనే వేలు పెట్టి చూపించాడు, "ఇదేంది బిడ్డా, ఎనిమిది అంటుంది?" నాకు చెమటలు పట్టాయి. ఆంధ్ర వైపు 1.20 అంటే ఎకరం ఇరవై సెంట్లు, అక్కడ దశాంశం లెక్క సరిపోతుంది. ఇక్కడ సరిపోదు. ఆ రోజు నుంచి విస్తీర్ణం అంకెల్లో ఇవ్వను, అక్షరాల్లోనే ఇస్తాను.

సాదాబైనామా దగ్గరా ఇంతే. తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోలు అది, రిజిస్ట్రేషన్ కానిది. ఏఐ దాన్ని "రిజిస్టర్డ్ విక్రయ దస్తావేజు" అని రాసింది. చదవడానికి దర్జాగా ఉంది, కానీ అర్జీ అర్థమే తలకిందులైంది. అందుకే ఫౌతి (పట్టాదారు చనిపోవడం), విరాసత్ (వారసత్వం), పహాణీ (భూమి, సాగు వివరాల రికార్డు), సాదాబైనామా లాంటి మాటలకు అర్థాలు ఒక పేజీగా రాసుకున్నాను. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025లో భూభారతి వచ్చిందన్న సంగతీ అందులోనే పెట్టాను. ప్రతి అర్జీ రాయించే ముందు ఏఐకి ఆ పేజీ ఇస్తాను. తప్పులు సగానికి సగం తగ్గాయి.

సమాచార హక్కు దరఖాస్తులు బాగా రాస్తుంది, దరఖాస్తు పెట్టే సెక్షన్ 6(1), జవాబుకు ముప్పై రోజుల గడువు సరిగ్గానే చెబుతుంది. ఫీజు మాత్రం ఎక్కడైనా పది రూపాయలే అంటుంది. మా దగ్గర మండల ఆఫీసుకు ఐదు, గ్రామ స్థాయిలో ఏమీ లేదు. ఆధార్, ఫోన్, బ్యాంకు ఖాతా నంబర్లు ఏఐలో ఎక్కించను. ఆ చోట్లు ఖాళీ ఉంచి చివర్లో నేనే టైప్ చేస్తాను. జనం మనల్ని నమ్మి కాగితాలు చేతిలో పెడతారు, ఈ విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు.

ఇంట్లో వాడకం తక్కువే. పాప పదో తరగతి లెక్కలు అర్థం కాకపోతే తెలుగులో చెప్పించుకుంటుంది. అమ్మ మందుల గురించి దాన్ని అడగం, డాక్టరునే అడుగుతాం.

ఆదాయం సంగతి దాచను. కుర్రాళ్లు ఫోన్లోనే అర్జీ రాసుకుని ప్రింట్ కోసమే వస్తున్నారు. మొదట్లో చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ప్రింట్ ఇచ్చే ముందు ప్రతిదీ ఒకసారి చదువుతున్నాను. మొన్న సోమవారం ఒక తమ్ముడు తెచ్చినదాంట్లో భాష చక్కగా ఉంది కానీ "సర్వే నంబర్: ఇక్కడ రాయండి" అని అలాగే ఉండిపోయింది. అడిగితే, "బాపునడగాలె అన్నా" అని ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు. నంబర్ ఒక్కటే అడుగుదామనుకున్నాను. వాళ్ల బాపు పావుగంట చెప్పాడు. ఆ పొలం వాటాలు పంచుకున్న తీరు కొడుక్కే తెలియదు. అర్జీ మళ్లీ మొదటి నుంచి రాశాం.